నొప్పి పోయాక రూట్ కెనాల్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 42. కింది దవడ పన్ను ఒకటి పుచ్చి, రెండు నెలల కిందట రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వలేదు. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని వాడాక నొప్పి పూర్తిగా పోయింది. ఇప్పుడు దంతవైద్యులు ఎక్స్‌రే తీసి, వేరు కొన దగ్గర నల్లటి మచ్చ ఉందని, రూట్ కెనాల్ చేయాలని అంటున్నారు. నొప్పే లేనప్పుడు అవసరమా? నరం తీస్తే పన్ను బలహీనపడదా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అవసరమేనండీ. మీరు చెప్పినదాన్ని బట్టి, పన్ను నయమై నొప్పి పోలేదు. నొప్పిని తెలిపే నరమే చచ్చిపోయి ఉండాలి. పన్ను లోపల నరాలు, రక్తనాళాలతో కూడిన మెత్తని గుజ్జు ఉంటుంది. పుప్పి అక్కడికి చేరితే గుజ్జు వాస్తుంది, కానీ చుట్టూ గట్టి గోడలే కాబట్టి ఆ వాపుకు చోటుండదు. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరగడం వల్ల రాత్రిపూట పోటు ఎక్కువవుతుంది. పన్నులో పురుగు తొలుస్తోందని పెద్దలు అనుకున్నది ఈ బాధనే. చివరకు గుజ్జు చచ్చిపోతుంది, నొప్పి ఆగుతుంది, సూక్ష్మక్రిములు మాత్రం వేరు కొన దాటి దవడ ఎముకను కరిగిస్తూ పోతాయి. ఎక్స్‌రేలోని నల్లటి మచ్చ అదే. చచ్చిన గుజ్జుకు రక్తప్రసరణ ఉండదు కనుక యాంటీబయాటిక్ అక్కడికి చేరదు.

చికిత్సలో మొదట మత్తు సూది ఇచ్చి, పన్ను పైభాగాన చిన్న రంధ్రం చేస్తారు. కింది దవడ పన్నుకు సాధారణంగా రెండు వేళ్లు, వాటిలో మూడు కాలువలు ఉంటాయి. ఒక్కటి వదిలేసినా జబ్బు తిరగబెడుతుంది కాబట్టి, అన్నిటినీ వెతికి, సన్నని ఫైళ్లతో గీకి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపి మూసేస్తారు. ఎముక ఆ తర్వాత కొన్ని నెలల్లో మెల్లగా పూడుకుంటుంది.

ఇక బలం సంగతి. పన్ను పెళుసుబారేది నరం పోయినందుకు కాదు, పుప్పితోనూ రంధ్రంతోనూ లోపలి భాగం చాలావరకు పోయినందుకు. నమిలే ఒత్తిడికి అది నిలువునా చీలితే పీకించుకోవడం తప్ప సాధారణంగా దారి ఉండదు. అందుకే దవడ పళ్లకు క్యాప్ వేస్తారు. నొప్పి లేదు కదా అని దాన్ని వాయిదా వేసి, వేరుశెనగ చిక్కీ కొరికి పన్ను పోగొట్టుకున్నవారిని చూశాను. క్యాప్ పడేదాకా మీరు రెండోవైపే నమలండి. ఈలోగా దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.