అందరికీ ఒకే మాట చెప్పకు

అమ్మాయ్,

నీకు ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా చెప్పే కేంద్రంలో, కౌన్సెలర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ కుర్చీలో పదహారేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత హెచ్‌ఐవీ శాతం ఎక్కువున్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇక్కడ కూడా అందరి కష్టం ఒకటి కాదు. నీ దగ్గరికొచ్చిన మనిషి ఏ ఇంటికి తిరిగి వెళ్తుందో తెలుసుకున్నాకే నోరు విప్పు.

గర్భిణులందరికీ హెచ్‌ఐవీ పరీక్ష రాస్తారు కాబట్టి, జబ్బు మొగుడి నుంచి వచ్చినా ముందు బయటపడేది భార్య రిపోర్టే. దాంతో నింద కూడా ఆమెకే. బయట బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంటుంది. లోపలికి పిలవకు. ఆ పిల్ల ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పకూడదని 2017లో చట్టమే వచ్చింది. మందులు మొదలుపెట్టి, పుట్టగానే బిడ్డకు సిరప్ పట్టిస్తే దాదాపుగా సోకకుండా ఆపొచ్చని ఆ రోజే చెప్పు. అంత టెన్షన్‌లో ఆమె చెవికెక్కేది ఆ ఒక్క మాటే.

ఒకావిడ మందుల డబ్బాలో దూది కుక్కి తెచ్చుకునేది. ఎందుకమ్మా అంటే, "బస్సులో గలగలమంటే ఏం మాత్రలని అడుగుతున్నారండీ" అంది. డబ్బా మీది కాగితం కూడా గోటితో గీకేసింది. అప్పట్నుంచి కొత్తగా ఎవరొచ్చినా, మాత్రలు ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారని ముందే అడిగేదాన్ని. దాచుకునే చోటు లేక మందులు మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

కూలికి పోయేవాళ్లను రేపు రమ్మనకు. ఇంకో రోజు కూలి, ఇంకోసారి బస్సు ఛార్జీ, ఇక రారు. లారీ డ్రైవర్లకు, వలస పోయేవాళ్లకు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ వేరే ఊళ్లో ఉన్నా అక్కడ కూడా మందులు ఇప్పించే ఏర్పాటు ఉందని చెప్పు.

సెక్స్ వర్కర్లకు నీతులు చెప్పొద్దు. వాళ్లలోంచే వచ్చిన పీర్ ఎడ్యుకేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకో. ఒకచోట చీటీలో ఉన్న మగపేరుతో గట్టిగా పిలిస్తే, వరుసలో ఉన్న ట్రాన్స్‌జెండర్ అమ్మాయి లేచి వెళ్లిపోయింది. ఆమెను మళ్లీ రప్పించడానికి నెల పట్టింది. వాళ్లు చెప్పుకున్న పేరుతోనే పిలువు.

అన్నిటికన్నా కష్టం, పుట్టుకతో జబ్బు వచ్చి అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలది. బలానికి మాత్ర అని మింగిస్తారు. పన్నెండు, పదమూడేళ్లకు అనుమానమొచ్చి పారేస్తారు. అమ్మమ్మను ఒప్పించి, ఆమె ఎదురుగానే నెమ్మదిగా నిజం చెప్పు. మందులు మానకుండా వేసుకుని, వైరల్ లోడ్ పరీక్షలో కనబడనంతగా రక్తంలో వైరస్ తగ్గి అలాగే ఉంటే, రేపు కట్టుకున్నవాళ్లకు సోకదని, పిల్లల్ని కూడా కనొచ్చని చెప్పు. ఆ మాట చెప్పినప్పుడు ఒక కుర్రాడు "నిజమా మేడమ్?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నిజమేనన్నాను.

చేరేముందు ఒక ఆదివారం ఇంటికి రా.

నీ పెద్దమ్మ