డిఫర్ అయింది సరే, మిగతా ఎస్సేల సంగతేమిటి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకి హైస్కూల్లో ఇది ఆఖరి సంవత్సరం. తనకి బాగా ఇష్టమైన ఒక ప్రైవేట్ యూనివర్సిటీకి నవంబరు 1న, సీటొస్తే చేరి తీరాలన్న షరతుండే ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేసింది. డిసెంబరు మధ్యలో పోర్టల్ తెరిస్తే ‘డిఫర్డ్’ అని, అంటే ఇప్పుడు తేల్చం, తర్వాత మళ్లీ చూస్తామని ఉంది. అప్పట్నుంచి గదిలోంచి బయటికి రావడం తగ్గిపోయింది. మా రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌కి నవంబరులోనే పంపింది గానీ, జనవరి మొదటి వారంలో గడువున్న అప్లికేషన్లు ఇంకా ఎనిమిదున్నాయి. ఒక్క ఎస్సే ముట్టుకోవడం లేదు. మావారి ఆఫీసులో ఒక డైరెక్టర్ ఆ యూనివర్సిటీలోనే చదివారట, ఆయనతో సిఫార్సు లెటర్ రాయిస్తానంటున్నారు. ఒక కన్సల్టెంటేమో ‘వెంటనే ఇంకో కాలేజీకి ఈడీ2 (ఎర్లీ డెసిషన్ రెండో విడత) వేసేయండి, లేకపోతే అదీ చేజారుతుంది’ అంటున్నాడు. మాది హెచ్‌1బీ వీసా, పాపది దాని మీద ఆధారపడిన హెచ్‌4. ఏం చేయాలో పాలుపోవడం లేదు.
– ఒక తల్లి, ఎడిసన్

జవాబు: అమ్మా, గడువులు ముంచుకొస్తున్నాయి కాబట్టి మీకు అప్పుడే ఈమెయిల్‌లో నాలుగు ముక్కలు రాసి పంపాను. ఆ తర్వాత ఇలాంటి ఉత్తరాలే ఇంకొన్ని వచ్చాయి. అందుకని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను కౌన్సెలర్‌గా పనిచేసే హైస్కూల్లో డిసెంబరు మూడో వారం చూడాలి మీరు. రాత్రి ఫలితాలొస్తే పొద్దున్నే ఒకడు కాలేజీ స్వెట్‌షర్ట్ వేసుకుని దిగుతాడు. ముందే తెప్పించి బీరువాలో దాచుకున్నాడన్నమాట. సీనియర్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఫొటోలు వరసపెట్టి వస్తుంటాయి. డిఫర్ అయిన పిల్ల నా గదిలోకొచ్చి కూర్చుని, ‘ఏకంగా రిజెక్ట్ చేసినా బాగుండేది’ అంటుంది. ఆ మాటని తీసిపారేయకండి. రాదని తేలిపోతే ఏడ్చి ఊరుకుంటుంది. ఇది మార్చి ఆఖరు దాకా మెడమీద వేలాడుతుంది. రెండు మూడు రోజులు తన మానాన వదిలేయండి. ‘ఆ కాలేజీ వాళ్లకేం తెలుసు’ అని మీరు తిడితే పాపకి నచ్చదు, ఎందుకంటే తనింకా అక్కడికే వెళ్లాలనుకుంటోంది. మూడో రోజు దాటాక మాత్రం తలుపు కొట్టండి. ‘ముందు ఏ కాలేజీది? ఎప్పటికి?’ అని అడిగి, ఎనిమిది పేర్లూ తేదీలూ ఒక కాగితం మీద తన చేతే రాయించి ఫ్రిజ్‌కి అంటించండి. ఎస్సే గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎర్లీ డెసిషన్‌లో మీరంతా సంతకాలు పెట్టి ఒప్పుకున్న కట్టుబాటు, అంటే సీటొస్తే చేరి తీరాలన్నది, డిఫర్ కావడంతోనే రద్దయిపోయింది. పాప ఫైలుని జనవరి తర్వాత రెగ్యులర్ వాళ్లతో కలిపి మళ్లీ చదువుతారు. ఒకవేళ మార్చిలో సీటిచ్చినా, చేరాలా వద్దా అన్నది మే 1 లోపు మీ ఇష్టం. అవకాశం ఎంత అంటారేమో. పేరున్న కాలేజీల్లో డిఫర్ అయినవాళ్లలో పదిమందిలో ఒకరికి దొరికితే గొప్పే. పైగా డిఫర్ అన్న మాటకి అన్ని చోట్లా ఒకే బరువు ఉండదు. స్టాన్‌ఫర్డ్ చాలా కొద్దిమందినే డిఫర్ చేస్తుంది. ఎంఐటీ ఎర్లీలో అప్లై చేసినవాళ్లలో సగానికి పైగా పిల్లల్ని డిఫర్ చేసిన సంవత్సరాలున్నాయి.

అందుకే నా లెక్కలో మీ ఇంట్లో ఇప్పుడున్న పనిలో ఆ కాలేజీ వాటా పదో వంతు. మిగతా తొమ్మిది వంతులూ ఆ ఎనిమిది అప్లికేషన్లవే.

ఆ పదో వంతు పని ఏమిటో చెప్పేస్తాను. మొదటిది, పోర్టల్లో వచ్చిన ఉత్తరాన్ని ఆఖరి వాక్యం దాకా చదవండి. కొన్ని కాలేజీలు ఫారం ఇస్తాయి, కొన్ని పోర్టల్లోనే అప్‌లోడ్ చేయమంటాయి, కొన్ని ఏమీ పంపొద్దంటాయి. వద్దన్నచోట పంపితే మేలు కన్నా కీడే ఎక్కువ. రెండోది, స్కూల్ కౌన్సెలర్ పంపే మిడ్‌ఇయర్ రిపోర్ట్. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు అందులోనే వెళ్తాయి. బెంగతో పాప కాలిక్యులస్ వదిలేస్తే అది నేరుగా వాళ్ల బల్లమీదికి చేరుతుంది. మూడోది, పిల్లలు ‘లోకీ’ అని పిలుచుకునే ఉత్తరం, అంటే ‘నాకింకా మీ కాలేజీ మీద ఆసక్తి ఉంది’ అని రాసేది. ఒక పేజీ లోపు, జనవరి రెండో సగంలో, గ్రేడ్లు వచ్చాక రాస్తే చాలు. ఇవాళ రాత్రికి రాత్రి అక్కర్లేదు.

ఆ ఉత్తరం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక అబ్బాయి చిత్తుప్రతి పట్టుకొచ్చాడు. మొదటి పేరా నిండా ‘చిన్నప్పట్నుంచీ నా కల’. రెండో పేరాలో ఆ కాలేజీ ర్యాంకు, ఆ కాలేజీ గొప్పతనం, వాళ్లకి తెలియనట్టు. మూడో పేరా అడుగున, సిగ్గుపడుతున్నట్టు ఒకే ఒక్క వాక్యం: నవంబరు తర్వాత రోబోటిక్స్ జట్టులో వైరింగ్ పని తనకప్పగించారని, రోబో చేయి వణుకు తగ్గించాడని. పై రెండూ కొట్టేసి, ఈ వాక్యాన్ని తీసుకెళ్లి నెత్తిన పెట్టమన్నాను. ఎందుకు వణికేది, ఎలా తెలుసుకున్నావు అని అడిగితే అప్పుడు బయటికొచ్చింది అసలు కథ. అందరూ మోటారు మీద అనుమానపడి రెండుసార్లు మార్చారట. వీడు వైర్లు ఒక్కొక్కటే పీకి, మళ్లీ పెట్టి చూస్తూ పోతే ఎన్‌కోడర్ దగ్గర ఒక కనెక్టర్ వదులుగా ఉందట. అది నాలుగు వాక్యాల్లో రాశాడు. అన్నట్టు, వాడికి ఆ కాలేజీలో సీటు రాలేదు. ఆ నాలుగు వాక్యాలూ ఇంకో కాలేజీ స్కాలర్‌షిప్ ఎస్సేలో పనికొచ్చాయి.

మీ పాప కూడా నవంబరు 1 తర్వాత జరిగిందే రాయాలి. పాత ఎస్సేలో ఉన్నది వాళ్ల దగ్గర ఉండనే ఉంది. ఏమీ జరగలేదంటే ఉత్తరం నాలుగు లైన్లే ఉండనివ్వండి. కొత్తగా ఒక క్లబ్బు పెట్టించి దానికి పాపని అధ్యక్షురాల్ని చేయకండి, దయచేసి.

మీవారి డైరెక్టర్ గారి సంగతి. ఆయన దగ్గర పాప పనిచేసిందా? లేదు కదా. పాప ముఖం కూడా చూడని మనిషి ఎంత పెద్ద లెటర్‌హెడ్ మీద రాసినా, చదివేవాళ్లకి అందులో పాప కనిపించదు, తండ్రి ఆఫీసు కనిపిస్తుంది. పోర్టల్లో అదనపు లెటర్ తీసుకుంటామని ఉంటేనే, ఈ ఏడాది చెప్తున్న టీచర్లలో ఇంతకుముందు రాయనివాళ్లని అడగండి. తండ్రి అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్ చేయడం కూడా వద్దు. ఆ ఫోనేదో పాపే చేయాలి, అదీ నిజంగా అడగాల్సిన ప్రశ్న ఉంటేనే.

ఈడీ2 దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ డబ్బుంది. ఎన్‌వైయూ, ఎమరీ, టఫ్ట్స్, వాండర్‌బిల్ట్, జాన్స్ హాప్కిన్స్, షికాగో వంటివి జనవరి మొదట్లో ఈడీ2 తీసుకుని, ఫిబ్రవరిలో ఫలితం చెప్తాయి. ఇది కూడా మొదటిదానిలాగే కట్టుబాటు. సీటొచ్చిందంటే డిఫర్ చేసిన కాలేజీతో సహా అన్నీ వెనక్కి తీసుకోవాలి. అంటే పాప ఆ మొదటి కాలేజీకి ‘సీటిస్తే కచ్చితంగా మీ దగ్గరికే వస్తాను’ అని రాస్తూ, ఇంకోచోట ఈడీ2 సంతకం పెట్టడం కుదరదు. రెండింట్లో ఒకటి అబద్ధమవుతుంది. చాలా ఇళ్లల్లో రెండూ చేసేస్తున్నారు, చూస్తున్నాను.

ఇక హెచ్‌4. పాప ఇక్కడే పెరిగినా ఫాఫ్సా అనే దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సాయం తనకి దొరకదు. చాలా ప్రైవేట్ కాలేజీలు ఆర్థిక సాయం విషయంలో తనని విదేశీ విద్యార్థి లెక్కలోనే చూస్తాయి. విదేశీ పిల్లలు సాయం అడిగినా ఆ సంగతి సీటు నిర్ణయంలో చూడకుండా ఉండే కాలేజీలు కొద్దే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్ లాంటివి. మిగతా చాలా చోట్ల సాయం అడగడమే సీటు మీద ప్రభావం చూపిస్తుంది. సాయం పోగా ఎంత కట్టాలో చెప్పే, వెబ్‌సైట్లలో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్లు ఎక్కువగా సిటిజెన్లూ గ్రీన్‌కార్డున్నవాళ్ల కోసం తయారుచేసినవి. అందులో మీ జీతం కొట్టి వచ్చిన అంకె చూసి మురిసిపోకండి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ‘హెచ్‌4 మీద ఉన్న అమ్మాయికి ఏం ఇస్తారు’ అని ఈమెయిల్ చేసి, జవాబు దాచుకోండి. పెద్ద ప్రైవేట్ కాలేజీల్లో ఫీజు, హాస్టలు, భోజనం కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటిన రోజులివి. నాలుగేళ్లూ అంత కట్టగలమని మీరిద్దరూ కూర్చుని లెక్కేసుకుని, పాపకి ఆ కాలేజీ నిజంగా నచ్చితే వేయండి. కన్సల్టెంట్ భయపెట్టాడని వేయొద్దు. ఆయన ఫీజు ఆయనకి ముందే ముట్టింది.

ఇంకో మాట. పాపకి 21 నిండితే హెచ్‌4 పోతుంది. గ్రీన్‌కార్డు వరసలో ఉన్న మన ఇళ్లల్లో చాలామంది పిల్లలు చదువు మధ్యలో విద్యార్థి వీసా ఎఫ్‌1కి మారుతున్నారు. అలా మారితే రాష్ట్రవాసుల ఫీజు ఉంటుందా అని రట్గర్స్‌నీ ఇప్పుడే అడిగి పెట్టుకోండి. రట్గర్స్ జవాబు జనవరి ఆఖరులోపు వస్తుంది. అది చేతికందితే ఇంట్లో గాలి కొంచెం తేలికపడుతుంది. అదొక్కటే చాలదనిపిస్తే పిట్స్‌బర్గ్, ఆరిజోనా స్టేట్ లాంటివి వచ్చిన దరఖాస్తు వచ్చినట్టే చూస్తాయి.

ఎనిమిది ఎస్సేలకీ ఒకటే హెచ్చరిక. మొదటి కాలేజీకి రాసిన ‘మా కాలేజీయే ఎందుకు’ ఎస్సేలో పేరు మార్చి పంపించే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. పేరు మారుస్తారు, ప్రొఫెసర్ పేరో లాబ్ పేరో పాతదే ఉండిపోతుంది. ఆఖరిసారి మీరు బయటికి చదవండి, పాపని వినమనండి. ఇంకొకటి, సెలవుల్లో స్కూళ్లు మూతబడతాయి. ట్రాన్‌స్క్రిప్టులు, టీచర్ల లెటర్లు ఎక్కడెక్కడికి వెళ్లాలో బ్రేక్‌కి ముందే కౌన్సెలర్‌కి చెప్పేయాలి. 31వ తేదీ రాత్రి నాకు ఈమెయిళ్లు పెట్టే తల్లిదండ్రులకి నేను జవాబివ్వను. ఈ కాలమ్ చదివే మా స్కూలువాళ్లు గమనించగలరు.

*

ప్రశ్న: నేను తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టార్ని. డాలస్‌లో మా మనవడికి కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1560 వచ్చింది. అమెరికాలో పేరుమోసిన ఇంజినీరింగ్ యూనివర్సిటీకి పెడితే వాయిదా వేశారట. అంత మార్కులొచ్చినవాణ్ని ఆపడమేమిటి? ఇక్కడ అందరికీ ముందే చెప్పేసుకున్నాను. ఫోన్లో వాడితో ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

జవాబు: మాస్టారూ, నమస్కారం. మన ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) ర్యాంకు, రిజర్వేషను, ఆప్షన్లు చూసి కంప్యూటరు సీటిచ్చేస్తుంది. మొదటి విడతలో రాకపోతే రెండో విడత ఉంటుంది, ఎవరికెందుకొచ్చిందో అందరికీ తెలుస్తుంది. ఇక్కడ 1560 వచ్చినవాళ్లు వేలల్లో ఉంటారు. ఆ అంకె దాటాక మనుషులు కూర్చుని ఎస్సేలూ, టీచర్ల ఉత్తరాలూ చదివి ఎంచుకుంటారు. కారణం చెప్పరు. మీ మనవడి తప్పేమిటో వెతకబోతే దొరకదు.

మీరు పేరు రాయలేదు గానీ అది ఎంఐటీ అయితే, ఫిబ్రవరిలో వాళ్లే ఒక చిన్న ఫారం ఇస్తారు, కొత్త విశేషాలు అందులో రాస్తే చాలు. ఫలితం మార్చి 14 ప్రాంతంలో చెప్తారు. ‘పై’ విలువ నోటికొచ్చిన లెక్కల మాస్టారు కాబట్టి ఆ తేదీ ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. అదీగాక వాడు తన హైస్కూల్ క్లాసులో మొదటి 5 శాతంలో ఉండి, యూటీ ఆస్టిన్‌కి గడువులోపు పెట్టి ఉంటే, టెక్సస్ చట్టం ప్రకారం అక్కడ సీటు ఖాయం. కోరుకున్న బ్రాంచి మాత్రం ఖాయం కాదు. ఈ సంగతి ముందు మీ అబ్బాయిని అడిగి కనుక్కోండి, మనవణ్ని కాదు.

ఊళ్లోవాళ్లకి ‘మార్చిలో తెలుస్తుంది’ అని ఒక్క ముక్క చెప్పి సంక్రాంతి ఏర్పాట్లలో పడండి. వాడితో ఫోన్లో కాలేజీ ఊసెత్తకండి. మీకు నచ్చిన లెక్క ఒకటి ఇచ్చి, మర్నాడు జవాబు చెప్పమనండి. ‘పోనీ ఇండియా వచ్చేయరా’ అని మాత్రం అనకండి. మీరు ప్రేమతో అంటారు, వాడికి వేరేగా వినిపిస్తుంది.

*

ప్రశ్న: నాకు శాట్‌లో 1490. డిఫర్ అయ్యాను. మార్చిలో మళ్లీ రాయనా?
– ఒక విద్యార్థి, ఫ్రీమాంట్

జవాబు: వద్దు నాన్నా. అమెరికాలో డిసెంబరు తర్వాత శాట్ మళ్లీ మార్చిలోనే. ఆ స్కోరు వచ్చేసరికి వాళ్ల నిర్ణయాలు దాదాపు అయిపోతాయి. శాట్ లాంటి ఇంకో పరీక్ష, ఫిబ్రవరి ఏసీటీ కూడా చాలాచోట్ల ఆలస్యమే. కాలిఫోర్నియా యూనివర్సిటీలకి నవంబరులోనే పెట్టి ఉంటావు, వాళ్లు శాట్ అసలు చూడరు. ఆ శనివారాలు మొదటి సెమిస్టర్ ఫైనల్స్‌కి వాడుకో. మీ అమ్మానాన్నలు కోచింగ్‌కి డబ్బు కట్టేసి ఉంటే, వెనక్కి ఇస్తారేమో ఇవాళే అడగమను.