అండమాన్ నైట్‌జార్ కోసం ఏ టార్చ్ కొనాలి?

డిసెంబర్‌లో అండమాన్ వస్తున్నాం, రాత్రిపూట తిరిగే నైట్‌జార్ పిట్టని ఎక్కడ చూడాలి, ఏ టార్చ్ కొనాలి అని అడిగారు. చోటు చెప్తాను. టార్చ్ మాత్రం కొనకండి.

మాది శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో శ్రీ విజయపురం అని మార్చారు, మాకింకా నోరు తిరగట్లేదు) దక్షిణంగా పాతిక కిలోమీటర్లు వెళ్తే చిడియా టాపు. చుట్టాలు ఎవరొచ్చినా సన్‌సెట్ చూపించడానికి అక్కడికి తీసుకెళ్లడం నా డ్యూటీ. డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. సెల్ఫీలు అవగానే కార్లన్నీ వెనక్కి. పిట్ట బయటికొచ్చేదే అప్పుడు!

పోయిన చలికాలం మా మామయ్యని ఎలాగోలా ఆపాను. రోడ్డు పక్క ఎండుకొమ్మ మీద కూర్చుంది, అచ్చం బెరడు ముక్కలా. చప్పుడు లేకుండా లేస్తుంది, గాల్లోనే పురుగుని పట్టి మళ్లీ అదే కొమ్మకి చేరుతుంది. ముక్కు చూస్తే ఇంతే, నోరు తెరిస్తే మాత్రం కళ్ల కిందిదాకా చీలుతుంది. నోటి చుట్టూ గట్టి మీసాలు. మామయ్య దోమలు కొట్టుకోవడం కూడా మానేశారు.

ఇంతలో కెమెరాల బ్యాచ్ ఒకటి దిగింది. స్పీకర్‌లో దాని కూతే పెట్టి, మొహం మీద లైటు కొట్టారు. ఇంకో మగపిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని పాపం అది తిండి మానేసి ఆ స్పీకర్ చుట్టూనే తిరిగింది. ఆ రాత్రి దానికి కడుపు నిండలేదని రాసిస్తాను. అడిగితే "మేం బర్డ్ లవర్స్" అన్నారు!

ఇది అండమాన్ దీవుల్లో తప్ప ఎక్కడా లేని పిట్ట. 1873లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది హ్యూమ్, మన పాఠాల్లో కాంగ్రెస్ స్థాపకుడని చదివిన ఆయనే. తర్వాత చాలాకాలం దీన్ని పెద్ద తోక నైట్‌జార్‌లో ఒక రకమనే లెక్కేశారు. కూత విన్నవాడెవడూ అలా అనడు. దానిది సుత్తి దెబ్బ, దీనిది అంత బలం లేని "ట్యుక్ ట్యుక్".

గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. అందుకని రోడ్డు దిగి పొదల్లోకి వెళ్లకండి. చీకటి పడ్డాక గంటసేపు ఆగాలని క్యాబ్ డ్రైవర్‌తో ముందే బేరం మాట్లాడుకోండి, లేకపోతే హారన్ కొట్టి చంపేస్తాడు.