చైనాలో దేవతల పేర్లున్న శిఖరాలు చూడాలంటే సాన్‌చింగ్‌షాన్ వెళ్లండి, కానీ గుడి దాకా నడవండి

చైనా పురాణాల్లోని దేవతల పేర్లతో శిఖరాలున్న పర్వతం ఏదైనా ఉందా, అరవై దాటిన అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా అని అడిగారు. ఉంది, దాని పేరు సాన్‌చింగ్‌షాన్. తీసుకెళ్లొచ్చు కూడా. నేను ఎంబీబీఎస్ చదివింది నాన్‌చాంగ్‌లో, ఈ కొండ ఉన్నదీ అదే జియాంగ్‌షీ రాష్ట్రంలో, తూర్పు అంచున. సెలవులు దొరికితే అక్కడికే పోయేవాళ్లం కాబట్టి చూసింది చెప్తున్నాను.

ముందు పేరు సంగతి. తావో అనే చైనా ప్రాచీన మతంలో అందరికంటే పైనుండే ముగ్గురు దేవుళ్లను కలిపి సాన్‌చింగ్ అంటారు. యువాన్‌షీ, లింగ్‌బావ్, దావోద. తావో గురువు లావోజ ఈ మూడో ఆయన రూపమేనని నమ్ముతారు. కొండ మీద యూజింగ్, యూషూ, యూహ్వా అనే మూడు శిఖరాలు పక్కపక్కనే ఉంటాయి, ఆ ముగ్గురూ వరసగా కూర్చున్నట్టు కనిపిస్తాయని కొండకు వాళ్ల పేరే పెట్టారు. యూజింగ్ అన్నిటికంటే ఎత్తు, దాదాపు 1,820 మీటర్లు. ఇది చెప్పగానే మనవాళ్లు "ఓహో, త్రిమూర్తులన్నమాట" అంటారు, కానీ ముగ్గురు అన్న లెక్క తప్ప పోలికేమీ లేదు. సృష్టి, స్థితి, లయ అని పనులు పంచుకున్న దేవుళ్లు కారు వీళ్లు. ఒకే మూలశక్తి ముగ్గురుగా వెలిసిందని వాళ్ల నమ్మకం.

అయితే జనం ఎగబడేది ఆ మూడు శిఖరాల కోసం కాదు, రెండు రాళ్ల కోసం. ఒకటి వసంత దేవత, 86 మీటర్ల ఎత్తు, జుట్టు భుజాల మీద పరుచుకుని పక్కకు తిరిగి కూర్చున్న అమ్మాయిలా ఉంటుంది. నిజంగానే ఉంటుంది, బలవంతంగా ఊహించుకోనక్కర్లేదు. రెండోది కొండచిలువ రాయి, 128 మీటర్ల నిలువు స్తంభం, పైన తల కాస్త వెడల్పు, మధ్యలో నడుము సన్నం. ఆ సన్నటి చోట అడ్డం దాదాపు ఏడు మీటర్లే. ఎదురుగా రెయిలింగ్ పట్టుకుని నిలబడి చూస్తే ఒంటి మీద అడ్డంగా పగుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి, ఇది ఇన్నాళ్లు ఎలా నిలబడిందిరా అనిపిస్తుంది. ఇవి కాక చైనా కథల్లోని వానరరాజు, కరుణకు దేవత అయిన గ్వాన్‌యిన్, గుళికలు తయారుచేసిన తావో సిద్ధుడు గ హోంగ్, ఇలా ప్రతి రాయికీ ఒక పేరుంది. యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు 48 శిఖరాలు, 89 స్తంభాలు అని లెక్క చెప్పింది.

రాయి మాత్రం మనకు కొత్తది కాదు, హైదరాబాద్ గుట్టల్లో ఉన్న గ్రానైటే. మన దగ్గర గుండ్రంగా అరిగి ఒకదాని మీద ఒకటి కూర్చుంది, అక్కడ నిలువు పగుళ్ల వెంబడి వాననీళ్లు దిగి దిగి స్తంభాలుగా మిగిలింది.

ఆ కొండచిలువ రాయి గురించి ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. 2017 ఏప్రిల్‌లో ముగ్గురు డ్రిల్లింగ్ మెషిన్‌తో 26 మేకులు దిగ్గొట్టి దాని పైకెక్కారు. కేసు నడిచింది, నిపుణులు ఈ దెబ్బ మళ్లీ పూడేది కాదన్నారు, 2019 డిసెంబరులో కోర్టు 60 లక్షల యువాన్లు కట్టమంది, ఒకరికి జైలుశిక్ష కూడా పడింది. చాలామందికి ఇది ఎక్కువ అనిపించింది, 26 మేకులకు అంత డబ్బా అన్నారు. నాకైతే న్యాయమే అనిపించింది. ఏడు మీటర్ల నడుము మీద నిలబడ్డ రాయికి చిన్న చిల్లు, పెద్ద చిల్లు అని తేడా ఏముంటుంది? రాళ్లను కంకర కోసం పేల్చేయడం చూస్తూ పెరిగినవాళ్లం, ఒక రాయి తరఫున కోర్టు మాట్లాడిందంటే నాకు ఇప్పటికీ సంతోషమే.

ఇక మీకు అసలు చెప్పాలనుకున్నది. టూర్ గ్రూపులు దక్షిణం వైపు రోప్‌వేలో ఎక్కి, దేవతనూ కొండచిలువనూ ఫోటో తీసుకుని దిగిపోతాయి. ఆ ముగ్గురు దేవుళ్ల గుడి ఉండేది ఉత్తరం వైపు. దాని కోసమే ఒక రాత్రి కొండపైన హోటల్లో ఉండండి. పడమటి అంచున దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో, కొండచరియకు అతికించినట్టుగా నాలుగు కిలోమీటర్ల నడకదారి ఉంది, చాలావరకు చదును. పెద్దవాళ్లు ఆగుతూ ఆగుతూ హాయిగా నడవగలరు. అది దాటి ముందుకు వెళ్తే గుడి ప్రాంగణం, మింగ్ రాజుల కాలంలో తిరిగి కట్టిన రాతి గుడి, ముందు కొలను. చుట్టుపక్కల గేట్లు, చిన్న గోపురాలు, చెక్కిన విగ్రహాలు, అన్నీ ఆ కొండ రాయితోనే. ఆర్భాటం ఏమీ లేదు, నిజం చెప్పాలంటే మొదటి చూపులో చిన్నదే అనిపిస్తుంది. కాసేపు కూర్చుంటే అగరుబత్తి కట్టలు పట్టుకుని మూడుసార్లు వంగి లేచే ముసలివాళ్లు కనిపిస్తారు. కొండకు ఆ పేరు ఎందుకుందో నాకు అక్కడే ఒంటబట్టింది. తిరిగొచ్చేటప్పుడు తూర్పు అంచు దారిలో రండి, ఎదురొచ్చే జనం తక్కువ.

దారిలో కావడి మోసేవాళ్లు ఎదురైతే పక్కకు తప్పుకోండి. పైన హోటళ్లకు బియ్యం, కూరగాయలు, దుప్పట్లు చాలావరకు వాళ్ల భుజాల మీదే వస్తాయి. రెండో భుజం మీదుగా ఒక కర్ర వెనక్కి పెట్టి కావడిని ఎత్తిపడతారు, బరువు రెండు భుజాలకూ పంచుకోవడానికి. అలసట తీర్చుకోవాలన్నా కావడిని కింద పెట్టరు, అదే కర్రను దానికింద ఊతగా నిలబెట్టి ఊపిరి పీల్చుకుంటారు.

మే, జూన్‌లలో వెళ్తే చెట్టంత ఎత్తు రోడోడెండ్రాన్లు పూసి ఉంటాయి, కానీ వానలూ అప్పుడే. పొగమంచు ఎప్పుడు కమ్ముతుందో చెప్పలేం, అందుకే ఒక్కరోజు ప్లాన్ వద్దనేది. నాన్‌చాంగ్ నుంచైనా షాంఘై నుంచైనా హైస్పీడ్ రైల్లో యూషాన్ దక్షిణ స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి బస్సు. రోప్‌వే దిగాక కూడా మెట్లు తప్పవు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే డోలీలు దొరుకుతాయి, ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. తిండికి భయం లేదు, జియాంగ్‌షీ వంట మన గుంటూరు కారానికి తీసిపోదు. శాకాహారులైతే మాత్రం "మాంసం వద్దు, పంది కొవ్వు కూడా వద్దు" అని చైనీస్‌లో కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే ఆకుకూర కూడా ఆ కొవ్వులోనే వేయించేవాళ్లున్నారు.