కాస్పేజ్ ప్రోటీన్‌ను ఖండిస్తుందా, తెంచుతుందా?

సందేహం: "కాస్పేజ్-3 అనే ప్రోటియేజ్ ఇతర ప్రోటీన్లను ఖండించి కణాన్ని చంపుతుంది" అని డిగ్రీ విద్యార్థుల కోసం రాశాను. 'ఖండించి' బాగాలేదు, 'జీర్ణం చేసి' అనమని ఒకరు, 'ఛేదించి' అనమని మరొకరు సూచించారు. ఏది సరైనది?

సమాధానం: మూడూ వద్దు, 'తెంచి' అని రాయండి. తెలంగాణ వాడుకలో 'తెంపి' అన్నా అదే.

'ఖండించు'కు ముక్కలు చేయడమనే అర్థం ఉంది. అయితే ఆరోపణలను ఖండించడం బాగా అలవాటైన నేటి పాఠకుడికి ఆ అర్థమే ముందు తోస్తుంది. 'ఛేదించు' కూడా కేసులకూ లక్ష్యాలకూ పోయింది. 'జీర్ణం' మాత్రం విషయపరంగానే తప్పు. పేగులో ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్, లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు దొరికిన చోటల్లా తెంచుతూ పోతే ప్రోటీన్ చిన్న చిన్న ముక్కలవుతుంది. కాస్పేజ్-3 అలా చేయదు. అస్పార్టిక్ ఆమ్లం తరవాతే తెంచుతుంది, అదీ దాని ముందున్న మూడు అమైనో ఆమ్లాలు కూడా తనకు సరిపడితేనే. డీఎన్ఏ మరమ్మతు చూసే పార్ప్-1నే తీసుకోండి. సుమారు 116 కిలోడాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) ఈ ప్రోటీన్ ఒక్క చోట తెగి, 89, 24 కిలోడాల్టన్ల రెండు ముక్కలవుతుంది. అంతే. దీన్ని జీర్ణం అనలేం.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. మనం కూరగాయలు కోస్తాం, చెట్టు నరుకుతాం, పుల్ల విరుస్తాం. దారమూ గొలుసూ అయితే తెంచుతాం. పైగా 'తెగు–తెంచు' జంట చేతిలో ఉంటే 'ఖండింపబడెను' లాంటి కర్మణి వాక్యాల అవసరమే రాదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. 'తెగి' వేరు, 'తెగిపోయి' వేరు. 'పోవు' చేరితే ఆ వస్తువు ఇక పనికి రాదన్న ధ్వని వస్తుంది. కాస్పేజ్-3 మొదట పనిచేయని ప్రోకాస్పేజ్‌గా ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన కాస్పేజ్-9 దాన్ని తెంచాక, పెద్ద ముక్కా చిన్న ముక్కా జతకూడి, అలాంటి రెండు జతలు కలిస్తే పూర్తి చురుకైన ఎంజైమ్ అవుతుంది. తెగడమే దానికి మొదలు, కాబట్టి "ప్రోకాస్పేజ్ తెగి" అనాలి. "తెగిపోయి" అంటే విద్యార్థి అది నాశనమైందనుకుంటాడు. ఐక్యాడ్ సంగతి వేరు. డీఎన్ఏను తెంచే క్యాడ్ అనే ఎంజైమ్‌ను అదుపులో పెట్టేది ఐక్యాడే. కాస్పేజ్-3 వల్ల అది తెగిపోతుంది, క్యాడ్ విడుదలై డీఎన్ఏను న్యూక్లియోసోముల (డీఎన్ఏ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకున్న ఉండల) మధ్య, దాదాపు 180 బేస్ జతలకు ఒకటిగా తెంచుతుంది. అక్కడ 'తెగిపోయి' అన్నదే సరైన మాట.

ఇక 'చంపుతుంది'. తప్పు కాదు గానీ, కణం ఉబ్బి పగిలే నెక్రోసిస్‌కూ అదే క్రియ వాడతాం. ఇక్కడ కణం ముడుచుకుని, బుడగల్లా విడిపోతుంది, పక్క కణాలు ఆ ముక్కలను మింగేస్తాయి. ఈ ప్రక్రియకు 1972లో 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆ గ్రీకు మాటకు పూరేకులు లేదా ఆకులు రాలడమని అర్థం. మన 'రాలు' దానికి అచ్చంగా సరిపోతుంది. 'కణ ఆత్మహత్య' కన్నా నాకు ఇదే నచ్చుతుంది, కణానికి లేని సంకల్పాన్ని అంటగట్టదు కనుక.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: "కాస్పేజ్-3 అనే ప్రోటియేజ్ కొన్ని ప్రోటీన్లను ఎంపిక చేసిన చోట్ల తెంచడంతో కణం ముడుచుకుని, ముక్కలై రాలిపోతుంది."