తాతకు దగ్గులు నేర్పబాక

ఎగిరెగిరి పడేవాళ్ళను కిందికి దించడానికి మీ వైపు ఏమంటారు అని అడిగారు కదా, నాకు ముందు మా అమ్మమ్మే గుర్తొస్తుంది. తెనాలి దగ్గర పల్లెటూరు, పసుపు వేసేవాళ్ళు. ఓసారి బేరానికి ఒకాయన వచ్చాడు, ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములు వాకిట్లో కుప్పగా ఉన్నాయి, ఆయన పైపైన చేత్తో కెలికి ఇంకా పచ్చిగానే ఉంది రేటు తగ్గించాలి అన్నాడు. బాగా ఎండింది బాబూ అని అమ్మమ్మ అంటే "నీకేం తెలుస్తదమ్మా, ఇంట్లో మగాళ్ళెవరన్నా ఉంటే పిలువు" అన్నాడు. అమ్మమ్మ గొంతు కూడా పెంచలేదు. ఓ కొమ్ము తీసి ఆయన చెవి దగ్గర టక్కుమని విరిచి, "తాతకు దగ్గులు నేర్పబాక నాయనా, నువ్వు పుట్టకముందు నుంచీ పసుపు ఉడకేస్తన్నా" అంది. ఎండిన కొమ్మే అట్లా చప్పుడు చేస్తూ విరుగుతుంది, పచ్చిది వంగుతుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇంక తేమ ఊసెత్తలేదు.

హనుమంతుడి ముందు కుప్పిగంతులా అన్నా ఇదే అర్థం. తన పని వదిలేసి పెత్తనం చేసేవాళ్ళకైతే వేరే ఉంది, విస్తళ్ళు ఎత్తమంటే తిన్నవాళ్ళను లెక్కపెట్టాడంట అనేవాళ్ళు, పెళ్ళిళ్ళలో బాగా వినపడేది.

మిగతావి చాలావరకు గొడ్లసావిట్లోంచి వచ్చినవే. ముకుతాడు వెయ్యడం చూడండి, కోడె ముక్కు కుట్టి తాడు ఎక్కిస్తే ఎంత పొగరుబోతుదైనా చిన్నపిల్లాడి వెంట నడుస్తుంది. గడ్డి పెట్టడం అంటే మనిషిలా నడుచుకోలేదు కాబట్టి నీకు అన్నం కాదు గడ్డే అని. కర్రు కాల్చి వాత పెట్టడంలో కర్రు నాగలికి ఉండే ఇనప మొన, ఇప్పుడు నాగలి చూడనివాళ్ళు కూడా ఎలక్షన్ రిజల్ట్స్ రోజు ఈ మాట వాడతారు. తలంటడం, అక్షింతలు వెయ్యడం మాత్రం ఇంట్లోవి, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు ప్రేమగా చేసే పనులే తిట్లకు పేర్లయ్యాయి, అందుకే పైవాళ్ళు కిందవాళ్ళను అంటేనే అవి నప్పుతాయి. హైదరాబాద్‌లో నా రూమ్మేట్ది కరీంనగర్, తను ఎక్కువగా "గాలి తీసేసిన్రు", "ఇజ్జత్ తీసిండు" అనేది, ఆ గాలి తీయడం నాకు భలే నచ్చింది, కొట్టడం లేదు తిట్టడం లేదు, ఉబ్బినోడు మామూలైపోతాడు అంతే.

తాట తీస్తా, తోలు తీస్తా లాంటివి నేను ఇందులో లెక్కెయ్యను. అవి బెదిరింపులు, అన్నాక అవతలివాడు మళ్ళీ మన గడప తొక్కడు. అమ్మమ్మ మాట పడ్డాయన మరుసటేడు కూడా మా ఇంటికే వచ్చాడు, మజ్జిగ తాగి వెళ్ళాడు.

ఇంకోటి, పాత సామెతల్లో కులం పేరు పెట్టి మనిషిని తక్కువ చేసేవి బోలెడున్నాయి. ఎవరైనా జవాబుల్లో అవి రాస్తే దయచేసి వాడొద్దు. చేసిన పనిని బట్టి అనే మాటలు మనకు ఇన్ని ఉండగా పుట్టుకను బట్టి అనాల్సిన అవసరం ఏముంది?