మాటల్లేని సినిమా తీస్తున్న మేనకోడలికి

తల్లీ,

స్క్రిప్ట్ చదివాను. ఒక్క డైలాగ్ లేకుండా షార్ట్ ఫిల్మ్ తీస్తానన్నప్పుడు చాలా సంతోషమేసింది కానీ చదివాక కొంచెం దిగులు పట్టుకుంది, ఎందుకంటే నువ్వు రాసింది మాటలున్న సినిమానే, డైలాగులు కొట్టేసి ఆ ఖాళీల్లో మూగసైగలు నింపావు. ఉద్యోగం పోయిందని భర్త చేతులు తిప్పి చెప్పడం, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఫోన్‌లో మెసేజ్‌ని క్లోజప్‌లో చూపించడం, ఇవన్నీ తీసెయ్. మెసేజ్ కూడా మాటే కదా.

అర్థం షాట్‌లో ఉన్నదానికంటే రెండు షాట్లు అతుక్కునే చోట ఎక్కువ పుడుతుంది. వందేళ్ల కిందటే రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా దర్శకుడు ఇది చేసి చూపించాడు. ఏ భావమూ పలకని ఒక నటుడి ముఖం తీసుకుని, అదే ముక్కని ఒకచోట సూప్ గిన్నె పక్కన, ఇంకోచోట శవపేటిక పక్కన అతికిస్తే, చూసినవాళ్లకి ఒకదాంట్లో ఆకలి, ఇంకోదాంట్లో దుఃఖం కనిపించాయట. అందుకని నీ హీరోయిన్‌ని ఏడవమనొద్దు. ఆమె ఏం చూస్తోందో చూపించు, మిగతాది ప్రేక్షకుడే పూరించుకుంటాడు.

నీ మూడో సీనే తీసుకో. భర్త రోజూ ఆఫీసుకని బయల్దేరి పార్కులో కూర్చుంటున్నాడు, భార్యకి ఆ సంగతి తెలిసిపోవాలి, అంతేగా? మొదట్లోనే నున్నటి ఆఫీసు నేల మీద అతని బూట్లు నడుస్తున్న షాట్ ఒకటి పడెయ్. తర్వాత ఒక సాయంత్రం ఆమె బూట్లు సర్దుతుంటే అడుగున ఎండుగడ్డి పరకలు. ఆమె గడ్డిని చూస్తుంది, గదిలో ఉన్న భర్త వైపు చూస్తుంది, మళ్లీ బూట్ల వైపు. ఆ తర్వాత పరకలన్నీ ఒక్కొక్కటే లాగేసి, బూట్లు ఎక్కడివక్కడ పెట్టేస్తుంది. తెలిసిందని, తెలిసినట్టు బయటపడదని, అతని మీద కోపం లేదని కూడా వచ్చేసింది చూడు. ముందు ఆ ఆఫీసు నేల చూపించకపోతే మాత్రం గడ్డి ఉత్త గడ్డే. 1924లో జర్మనీలో ముర్నౌ అనే దర్శకుడు తన మూకీ సినిమాలో ఒక హోటల్ ద్వారపాలకుడి కథని దాదాపు టైటిల్ కార్డులే (మధ్యమధ్యలో తెర మీద మాటలు చూపించే అట్టలు) లేకుండా నడిపించాడంటే, చాలావరకు అతని యూనిఫాం కోటు వల్లే. నీకూ అలాంటి వస్తువు ఒక్కటి చాలు, నాలుగైదు పెట్టి గజిబిజి చెయ్యొద్దు.

రంగుల గురించి అడిగావు. తెలుపు ఒకచోట పెళ్లి, ఇంకోచోట చావు. బొటనవేలు పైకెత్తడం కూడా అన్నిచోట్లా మెచ్చుకోలు కాదు. కాబట్టి రంగుకి అర్థం బయటనుంచి వస్తుందని నమ్ముకోకు, నీ సినిమాలోనే పుట్టించు. నీ స్క్రిప్ట్‌లో ఉన్న ఆ ఆకుపచ్చ గొడుగు మంచి రోజుల్లో రెండుసార్లు కనిపిస్తే, మూడోసారి దానంతటదే మాట్లాడుతుంది.

కెమెరా విషయంలో ఒక్కటే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే చోట కెమెరాని ఆ చూపుల గీతకి ఒకవైపే ఉంచు. అటూ ఇటూ దూకితే ఎవరు ఎవర్ని చూస్తున్నారో తెలియదు, సర్దిచెప్పడానికి డైలాగ్ కూడా ఉండదు. గడ్డి షాట్‌ని ఎడిటింగ్‌లో తొందరపడి కోసెయ్యకు, అందులో ఏముందో నీకు ముందే తెలుసు, చూసేవాడు ఇంకా వెతుక్కోవాలి.

ఎడిటింగ్ అయ్యాక కథ తెలియనివాళ్లెవరికైనా సౌండ్ ఆపేసి చూపించి, కథ నీకే చెప్పమను. మధ్యలో నువ్వు నోరు విప్పొద్దు, ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే. వాళ్లు ఎక్కడ తడబడతారో అక్కడ ఒక షాట్ తక్కువైందన్నమాట, నటన తక్కువై కాదు. మ్యూజిక్ వెయ్యకముందే రఫ్ కట్, అంటే ఇంకా మెరుగులు దిద్దని తొలి ఎడిటింగ్, నాకూ పంపు, చూసి ఫోన్ చేస్తాను.

మీ మావయ్య